ఒక దిర్హం బాకీ

దుబాయ్‌లో దిగిన మర్నాడు పొద్దున్నే స్నానాల గదిలో నాకు మొదటి దెబ్బ తగిలింది. నీలం చుక్క ఉన్న కుళాయి తిప్పి చెయ్యి పెడితే చుర్రుమంది. చన్నీళ్ళ కుళాయే ఇలా ఉంటే ఎర్ర చుక్కది ఇంకెలా ఉంటుందోనని దాని జోలికే పోలేదు. బకెట్టు నింపి, అరగంట ఆగి, అప్పుడు స్నానం చేశాను. అది 2013 జూన్. పెళ్ళయి నెల తిరక్కుండానే వచ్చాను.

మూడో రోజు పక్కగది చేచి నా అవస్థ చూసి నవ్వింది. "గీజర్ స్విచ్ ఆపెయ్. ఎర్ర కుళాయి వాడుకో" అంది. నాకర్థం కాలేదు. ఆవిడే నడవలోకి తీసుకెళ్ళి చూపించింది. నీళ్ళ ట్యాంకు డాబా మీద, ఎండలో ఉంటుంది. నేరుగా వచ్చే నీళ్ళు అందుకే సలసల కాగుతుంటాయి. గీజరు మాత్రం ఇంటి లోపల, ఏసీ చల్లదనంలో ఉంటుంది. కరెంటు ఆపేస్తే రాత్రంతా అందులో నిలవున్న నీళ్ళు గదితోపాటు చల్లబడతాయి. ఎండాకాలమంతా ఇక్కడ ఎర్ర చుక్కే చన్నీళ్ళు, నీలం చుక్కే వేణ్ణీళ్ళు. నేను ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ చేశాను. ఈ ఊళ్ళో ఆ చదువుకి వచ్చిన మొదటి పరీక్షలోనే తప్పానన్నమాట.

మేం ఉన్నది కరామాలో. బుర్ దుబాయ్‌ని ఆనుకుని, మూడు నాలుగంతస్తుల పాత బిల్డింగులతో, కింద వరసగా కొట్లతో ఉండే పేట అది. టీవీలో చూసిన అద్దాల మేడల దుబాయ్ వేరు, ఇది వేరు. మా బిల్డింగు కింద మలయాళీల గ్రోసరీ, పక్కన దర్జీ కొట్టు, ఆ పక్కన మందుల షాపు. ఫోన్ చేస్తే గ్రోసరీ కుర్రాడు రెండు నిమ్మకాయలైనా సరే పైకి తెచ్చిచ్చేవాడు. సాయంత్రం మెట్ల మీద అడుగుపెడితే ఒక్కో అంతస్తులో ఒక్కో తాలింపు వాసన. కళ్ళు మూసుకున్నా ఎన్నో అంతస్తులో ఉన్నానో చెప్పగలిగేదాన్ని.

ఇల్లు షేరింగు. రెండు గదుల ఫ్లాట్‌లో ఒక గది కేరళ దంపతులది, ఒకటి మాది. నెలకి 2,400 దిర్హాలు. వంటింట్లో పై అరలు వాళ్ళవి, కింది అరలు మావి. చేచి ఆసుపత్రిలో నర్సు. వారంలో మూడు రాత్రులు డ్యూటీ, పగలు నిద్ర. అందుకని మిక్సీ వెయ్యాలంటే ఆవిడ డ్యూటీ చార్టు చూసుకోవాలి. చట్నీ చేసుకునే రోజు కూడా ఇంకొకరి చార్టు మీద ఆధారపడుతుందని అమ్మకి ఫోన్లో చెబితే, "సర్దుకోవాలమ్మా" అంది. అమ్మ ఏం చెప్పినా చివరికి అదే మాట.

మావారి ఆఫీసు జబల్ అలీ వైపు. పొద్దున్న ఆరున్నరకి వెళ్తే రాత్రి ఏడున్నర. సెలవు శుక్రవారం ఒక్కటే. మిగిలిన ఆరు రోజులూ నేనూ, ఏసీ చప్పుడూ. మధ్యాహ్నం బయటికి అడుగుపెడితే కళ్ళజోడు మీద ఆవిరి కమ్ముకుని ముందున్నది కనిపించేది కాదు. ఏసీలో చల్లబడ్డ అద్దం మీద బయటి తేమ గాలి నీరై పేరుకుంటుంది. కారణం తెలుసు. తెలిసినంత మాత్రాన దారి కనబడదుగా!

జూలై 10న రంజాన్ మొదలైంది. పగలు బయట తినడం, తాగడం లేదు. హోటళ్ళకి తెరలు. వీధులన్నీ మధ్యాహ్నం నిద్రపోయినట్టుండేవి. పొద్దు గూకగానే తోపు పేలుస్తారు. ఆ తర్వాత ఊరు లేచి కూర్చుంటుంది. మా వీధి చివర మసీదు దగ్గర చాపలు పరిచి, ఎవరొచ్చినా కూర్చోబెట్టి ఖర్జూరాలు, అన్నం పెట్టేవారు. పని దుస్తుల్లోనే వచ్చి వరసగా కూర్చున్న మనుషుల్ని బాల్కనీలోంచి చూస్తుంటే మా ఊరి పందిట్లో సంతర్పణ గుర్తొచ్చేది. ఆ నెలలోనే నాకు మొదటిసారి ఈ ఊరి మీద కొంచెం ఇష్టం కలిగింది.

కానీ నా మనసంతా ఒక్కదాని మీదే ఉండేది, మాదంటూ ఒక ఇల్లు. రెండు సందుల అవతల సింగిల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ చూశాం. ఏడాదికి 52,000 దిర్హాలు. ఇక్కడ అద్దె నెలనెలా ఇవ్వడం కాదు, ఏడాది మొత్తానికి ముందే తేదీలు వేసి చెక్కులు రాసివ్వాలి. మాకు నాలుగు చెక్కులకి ఒప్పుకున్నారు. మొదటి చెక్కు 13,000, డిపాజిట్ 2,600, బ్రోకరుకి 2,600, ఆపైన కరెంటు, నీళ్ళ డిపాజిట్. అప్పట్లో చెక్కు వెనక్కొస్తే పోలీసు కేసు. అందుకని చేతిలో పూర్తిగా డబ్బుంటేనే సంతకం పెట్టాలని మావారి పట్టుదల. అప్పటికి మా దగ్గరున్నది 11,000. డిసెంబరు కల్లా మిగతాది చేరుతుందని లెక్క. నేను అప్పుడే వంటింటి కిటికీకి పరదా ఏ రంగుదైతే బాగుంటుందో ఆలోచించేశాను.

ఆగస్టు వచ్చింది. ఆ నెలలో రూపాయి జారిన సంగతి గల్ఫ్‌లో ఉన్నవాళ్ళెవరూ మరిచిపోయి ఉండరు. మేలో దిర్హంకి 15 రూపాయలుండేది, ఆగస్టు నెలాఖరుకి 18 దాటింది. ఇండియాలో అది వార్త. ఇక్కడ మాత్రం పండగ. ఎక్స్ఛేంజీల ముందు క్యూలు పేవ్‌మెంటు మీదికి వచ్చేశాయి. లిఫ్టులో కలిసినా, గ్రోసరీలో కలిసినా "ఇవాళ రేటెంత?" అనే పలకరింపు.

ఆ నెలాఖరు శుక్రవారం భోజనాలయ్యాక మావారు ఉత్సాహంగా అన్నారు. "నిన్న డబ్బు ఇంటికి పంపేశాను. 11,000కి లక్షా 98 వేలు వచ్చింది తెలుసా? మేలో అయితే లక్షా 65 వేలే. ఊరికే 33 వేలు కలిసొచ్చింది."

"ఏ డబ్బండీ?"

ఆయన మాట్లాడలేదు.

"ఫ్లాట్ కోసం దాచిందేనా?"

"మళ్ళీ దాచుకుందాంలే. ఈ రేటు మళ్ళీ వస్తుందా?"

పక్కగదిలో చేచి రాత్రి డ్యూటీ చేసొచ్చి పడుకుంది. షేరింగు ఇంట్లో పోట్లాట కూడా గుసగుసగానే. గొంతు పెంచలేక, మింగలేక, నా కళ్ళు మండిపోయాయి. "నాకొక్క మాట చెబితే వద్దనేదాన్నా?" అన్నాను. "వద్దంటావనే చెప్పలేదు" అన్నారు. ఆ మాటకి పర్సు తీసుకుని చెప్పులేసుకుని మెట్లు దిగాను. ఆయన స్నానానికి వెళ్తున్నానేమో అనుకున్నారట. తర్వాత చెప్పారు.

ఎక్కడికి వెళ్ళాలో నాకు తెలియదు. వచ్చిన బస్సు ఎక్కాను. అది ఘుబైబా బస్ స్టేషన్ దగ్గర దింపింది. నాలుగున్నర ఎండలో జనం నడిచే వైపే నడిస్తే నీళ్ళు కనిపించాయి. దుబాయ్ క్రీక్. అరబ్బులు ఖోర్ అంటారు. చూడ్డానికి నదిలా ఉంటుంది కానీ నది కాదు, ఊరి మధ్యలోకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ. ఇటు ఒడ్డు బుర్ దుబాయ్, అటు ఒడ్డు దేరా. ఆ రెంటి మధ్యా అబ్రాలని చిన్న చెక్క పడవలు అదే పనిగా తిరుగుతుంటాయి. మధ్యలో ఒక బల్ల, దాని మీద వీపులు ఆనించుకుని అటు పదిమంది, ఇటు పదిమంది. నడిపేవాడు నడుమ గుంటలో నిలబడతాడు.

మాది నరసాపురం. వశిష్ఠ గోదావరి మీద పంటెక్కి సఖినేటిపల్లి రేవుకి దాటడం చిన్నప్పట్నుంచీ అలవాటు. రేవు, డీజిల్ వాసన, పడవ ఒడ్డుకి తగిలినప్పటి కుదుపు, దిగేవాళ్ళ తొందర. రెండున్నర నెలల్లో మొదటిసారి నాకు తెలిసిన చోటులా అనిపించి, ఆలోచించకుండా ఎక్కేశాను.

నీళ్ళ మధ్యలోకి వచ్చాక పడవవాడు చెయ్యి చాచాడు. మనిషికి ఒక దిర్హం. నా పర్సులో ఉన్నది ఒక్క వంద నోటు, బస్సు కార్డు. నోటు చూసి అతను తల అడ్డంగా ఊపి హిందీలో ఏదో విసుక్కున్నాడు. అందరూ నావైపు తిరిగారు. అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు అప్పుడొచ్చింది, దిర్హం కోసం కాకపోయినా.

"ఉండు బాబూ" అని పక్కనుంచి ఒకావిడ రెండు నాణేలు అతని చేతిలో వేసింది. యాభై ఏళ్ళుంటాయి. చుడీదారు మీద చున్నీ తలచుట్టూ చుట్టుకుంది. "నల్లపూసలు చూసి అనుకున్నాను, తెలుగమ్మాయివేనా? ఏ ఊరమ్మా?"

"నరసాపురం."

ఆవిడ మొహం విప్పారింది. "ఓలమ్మో, అవతలి రేవే! మాది సఖినేటిపల్లి దగ్గరే."

మా వైపు నుంచి, కోనసీమ నుంచి ఇళ్ళల్లో పనికి గల్ఫ్ వచ్చిన ఆడవాళ్ళు ఎంతమందో. చిన్నప్పుడు మా వీధిలోనూ ఉండేవారు. వాళ్ళు సెలవుకి వచ్చినప్పుడు తెచ్చే సెంటు సీసాలు, మందపాటి దుప్పట్లు చూసి దుబాయ్, కువైట్, మస్కట్ అన్నీ ఒకే ఊరనుకునేదాన్ని. ఆ దుప్పట్ల వెనక మనుషులెలా బతుకుతారని ఎప్పుడూ అడగలేదు. ఈవిడ మస్కట్లో ఆరేళ్ళు, ఇక్కడ ఎనిమిదేళ్ళు చేసిందట. నెలకి 1,200 దిర్హాలు. దేరాలో ఎక్స్ఛేంజీకి వెళ్తోంది.

"ఈ వారం పంపితే మూడు వేల ఆరొందలు ఎక్కువొస్తాయంట. మా అమ్మాయి నర్సింగు ఫీజు కట్టాలి" అంది. నేను మనసులో లెక్కేసుకున్నాను, 1,200ని మూడుతో హెచ్చిస్తే సరిగ్గా అంతే. పొద్దున్న నాకు కోపం తెప్పించిన లెక్కే అది. ఆవిడ నోట్లో ఇంకోలా వినబడింది.

ఆవిడతో పాటే నడిచాను. మసాలా దినుసుల సూక్ పక్కనుంచి, ఎండు నిమ్మకాయలు, కుంకుమపువ్వు, సాంబ్రాణి వాసనల మధ్యనుంచి. ఎక్స్ఛేంజీ ముందు క్యూ తలుపు దాటి వీధిలోకి ఉంది. అందులో నిలబడి ఆవిడ నన్నేమీ గుచ్చిగుచ్చి అడగలేదు. "ఆయనకి చెప్పి వచ్చావా?" అని మాత్రం అడిగింది. లేదన్నాను. "ముందు ఫోన్ చెయ్యి. ఊరు కాని ఊళ్ళో మొగోడైనా బెంగపడతాడు."

ఫోన్ చేశాను. మావారి గొంతు వణుకుతోంది. కరామా అంతా తిరుగుతున్నారట. అల్ రస్ స్టేషన్ దగ్గర దిగమని చెప్పాను.

పెట్టేశాక, ఎందుకో, జరిగిందంతా ఆవిడకి చెప్పేశాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. "పంపడం తప్పు కాదమ్మా. చెప్పకుండా పంపాడు, అదీ తప్పు" అంది. తర్వాత ముందుకి చూస్తూ, "నేను పంపిన డబ్బేం చేశాడో మా ఆయన ఎనిమిదేళ్ళు నాకు చెప్పలేదు. నేనూ అడగలేదు. అడగాల్సింది" అంది. అంతే. క్యూ కదిలింది.

టీ కొట్లో రెండు కరక్ చాయలు తీసుకుని వంద నోటు మార్చాను. ఆవిడకి దిర్హం ఇవ్వబోతే చెయ్యి వెనక్కి నెట్టింది. "మన పంటులో ఎప్పుడైనా కనబడితే నా టికెట్టు తియ్యి" అని నవ్వింది. పేరు అడగాలని ఆవిడ లోపలికి వెళ్ళిపోయాక తట్టింది. అప్పటికే మావారు రోడ్డు దాటి వస్తున్నారు.

వెనక్కి అబ్రాలోనే వచ్చాం. దేరా వైపు రెండు రేవులున్నాయి. ఒకదాంట్లోంచి బుర్ దుబాయ్ రేవుకి, ఇంకోదాంట్లోంచి బట్టల సూక్ దగ్గరి రేవుకి వెళ్తాయి. మేం మాటల్లో పడి వేరేది ఎక్కాం. పడవలో ఆయన అసలు సంగతి చెప్పారు. మా పెళ్ళికి మామయ్యగారు నూటికి రెండు రూపాయల వడ్డీకి రెండు లక్షలు తెచ్చారట. నెలకి నాలుగు వేల వడ్డీ. కొత్త కోడలికి ఈ సంగతి తెలియకూడదని మామయ్యగారి మాట. "పెళ్ళి నాది కూడా కదండీ" అన్నాను. ఆయన తలదించుకుని "చెప్పాల్సింది" అన్నారు. పొద్దు గూకుతోంది. రేవు వెంట సరుకుల పడవలు, వాటి ముందు గట్టు మీద ఫ్రిజ్‌లు, టైర్లు, టీ పెట్టెలు, కాపలా లేకుండా గుట్టలుగా పడున్నాయి. అవన్నీ ఇరాన్‌కీ సోమాలియాకీ వెళ్ళేవట. తెలియని రేవులో దిగి, బట్టల సూక్‌లోంచి దారి అడుగుతూ ఇంటికొచ్చేసరికి ఎనిమిదయింది.

మర్నాడు గ్రోసరీలో రెండు దిర్హాలకి ఒక పుస్తకం కొన్నాను. ఎడమ పేజీ ఇక్కడి ఖర్చు, కుడి పేజీ ఇంటికి పంపింది. ప్రతి శుక్రవారం భోజనాలయ్యాక ఇద్దరం కూర్చుని రాసేవాళ్ళం. మొదట్లో అది లెక్కల పుస్తకమే. పోనుపోను ఆయన గురించి నాకు తెలియనివన్నీ ఆ కుడి పేజీలో కనబడ్డాయి. చదువుకి సాయం చేసిన బాబాయికి, ఆడపడుచు కాన్పుకి, ఊళ్ళో పాత మేష్టారి కంటి ఆపరేషన్‌కి. పెద్దలు కుదిర్చిన పెళ్ళి మాది. ఒకరినొకరు తెలుసుకోవడానికి అందరూ సినిమాలకీ షికార్లకీ వెళ్తారు. మేం పద్దులు రాశాం.

నవంబరుకి గాలి మారింది. గీజరు మళ్ళీ వేశాం, కుళాయిల రంగులు వాటి అర్థాలకి తిరిగొచ్చాయి. శుక్రవారాలు క్రీక్ ఒడ్డునే గడిపేవాళ్ళం. అల్ ఫహీదీలో పాత ఇళ్ళ మీద గాలి గోపురాలుంటాయి. పర్షియా వర్తకులు కట్టుకున్న ఇళ్ళవి. నాలుగు వైపులా తెరిచిన ఆ గోపురం పైన వీచే గాలిని పట్టి కింది గదిలోకి దింపుతుంది, వేడి గాలిని పైకి పంపేస్తుంది. కరెంటు లేని కాలంలో అదే ఏసీ. దాని కింద నిలబెట్టి మావారికి వివరిస్తుంటే, "టీచరమ్మా" అని ఏడిపించేవారు. ఆ మాట పట్టుకునే తర్వాత ఇంట్లో నలుగురు పిల్లలకి సైన్సు ట్యూషన్ చెప్పడం మొదలుపెట్టాను.

ఆ పాత కథలు వింటున్నప్పుడే నాకు రెండు సంగతులు తెలిశాయి. ఒకటి, ఈ క్రీక్ ఇసుకతో పూడిపోతుంటే షేక్ రషీద్ 1961 కల్లా తవ్వించి లోతు చేయించారు. అప్పటికి ఇక్కడ చమురు దొరకలేదు, అది 1966లో. కువైట్ నుంచి అప్పు తెచ్చి చేయించిన పని అది. రెండోది, 1966 దాకా ఈ ఊళ్ళో చెల్లిన డబ్బు మన రూపాయే. గల్ఫ్ కోసం రిజర్వ్ బ్యాంకు 1959లో ప్రత్యేకంగా నోట్లు వేసేది. 1966 జూన్‌లో మన రూపాయి విలువ తగ్గించాక వీళ్ళు దాన్ని వదిలేశారు. దిర్హం వచ్చింది 1973లో. అంటే అప్పులూ, రూపాయి పడిపోవడాలూ ఈ రేవుకి కొత్త కావు. మా ఇంటి పోట్లాట పెద్ద చరిత్రలో చిన్న ముక్కే అని మావారు తేల్చారు.

ఫ్లాట్ చివరికి 2014 మార్చిలో తీసుకున్నాం. ఈలోగా అద్దెలు పెరిగి 52,000ది 58,000 అయింది. ఆరు వేల దిర్హాలంటే అప్పటి రేటుకి 96 వేల రూపాయలు. మావారు ముందు పంపినందువల్ల రేటులో 33 వేలు, ఏడాది వడ్డీ 48 వేలు మిగిలాయి. అంటే 81 వేలు. 15 వేలు నష్టమని నేను, మామయ్యగారు ఆ ఏడాది నిశ్చింతగా నిద్రపోయారు, దాని ఖరీదు వెయ్యలేదని ఆయన. ఆ లెక్క ఇప్పటికీ తేలలేదు. పుస్తకంలో ఆ పేజీ కింద గీత గియ్యకుండా అలాగే వదిలేశాం.

ఇప్పుడు సెలవులు మారాయి. 2022 నుంచి శనివారం, ఆదివారం. పద్దుల రోజు ఆదివారమైంది. పిల్లవాడికి అబ్రా అంటే ప్రాణం. నా పర్సులో చిన్న అరలో ఎప్పుడూ కాఫీ కూజా బొమ్మున్న దిర్హం నాణేలు పదైనా ఉంటాయి. పడవలో ఎవరైనా పెద్ద నోటు పట్టుకుని తడబడితే ముందు నా చెయ్యే లేస్తుంది. ఇంటికెళ్ళినప్పుడల్లా పనున్నా లేకున్నా ఒకసారి పంటెక్కి సఖినేటిపల్లి దాటి వస్తాను, ఆ మొహం కోసం చూస్తూ. ఇంతవరకూ కనబడలేదు. దిర్హం బాకీ అలాగే ఉంది.

మా బిల్డింగులోకి కొత్తగా పెళ్ళైన జంటలు వస్తుంటారు. మన కూరగాయలెక్కడ దొరుకుతాయి, గోంగూర ఏ రోజు వస్తుంది అని అడుగుతారు. చెబుతాను. అడగనివి కూడా రెండు చెబుతాను. మే నెల రాగానే గీజరు ఆపెయ్యండి. ఇంటికి డబ్బు పంపే ముందు ఇద్దరూ కూర్చుని ఒక పుస్తకంలో రాసుకోండి.